ఇంకో ముక్క

కదలకూడదన్నారు. దగ్గకూడదన్నారు. మాట్లాడకూడదన్నారు. ఊపిరి పీల్చుకోవచ్చుట, కాకపోతే వాళ్ళు చెప్పినప్పుడు, చెప్పినంతే. డాక్టర్ ఏసుపాదం సీటీ స్కాన్ బల్ల మీద బోర్లా పడుకుని, చేతులు రెండూ తల మీదుగా ముందుకి చాపి, ఎడమ చెంప దిండుకి ఆనించి, వీపు మీద జరుగుతున్నదంతా చెవులతో చూస్తున్నాడు. వీపున కుడిపక్క, పక్కటెముకల సందులోంచి దిగిన సూది ఊపిరితిత్తిలోని గడ్డ దాకా వెళ్ళి అక్కడ ఆగి ఉంది. అక్కడి మటుకు మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి లేదు. కానీ ఊపిరి తీసినప్పుడల్లా ఆ సూది కూడా తనతోపాటు లేస్తోందనీ, వదిలినప్పుడు దిగుతోందనీ తెలుస్తోంది. లేద్దామంటే లేవలేడు. వద్దు, ఇంటికి పోతాను అందామంటే ఆ మాట అనడానికైనా ఛాతీ కదలాలి. ముప్పై ఏళ్ళుగా రాజమండ్రిలో ఎవరి ఒంట్లోంచి ఏ ముక్క కోసినా అది కుళ్ళకుండా ఫార్మలిన్ సీసాలో మునిగి దానవాయిపేటలో ఈయన ల్యాబ్‌కే వచ్చేది. ముక్కని మైక్రోస్కోపు కింద చూసి రోగం పేరు చెప్పే పెథాలజిస్టు ఆయన. ఊళ్ళో సర్జన్లు చాటుగా ముక్కల డాక్టరు అనుకుంటారని తెలుసు, కోపం కూడా లేదు. ముక్క వెనకాల ఒక మనిషి ఉంటాడన్నది ఎరగని సంగతేం కాదు. కానీ ఆ ముక్క తీసే గది ఇంత చల్లగా ఉంటుందనీ, దిండుకి అంతకు ముందు పడుకున్నవాళ్ళ తలనూనె వాసన ఉంటుందనీ, నడుము కింద దుప్పటి మడత పడితే దాన్ని సర్దుకునే వీలు కూడా ఉండదనీ ఇవాళే తెలిసింది.

"సార్, బల్ల లోపలికెళ్తుందండి. ఇందాక ఆపినంతే ఆపండి ఊపిరి," అన్నాడు గణేష్‌బాబు. స్కాన్ సెంటర్ అతనిదే. ఒకప్పుడు కాకినాడలో ఏసుపాదం పాఠం చెప్పిన క్లాసులో వెనక బెంచీ కుర్రాడు, ఇప్పుడు ఇక్కడి రేడియాలజిస్టు. చెప్పుల చప్పుళ్ళు దూరమయ్యాయి. తలుపు మూతపడింది. యంత్రం తిరుగుతున్నప్పుడు గదిలో రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. బల్ల జరిగింది. ఎక్కడో పరదేశంలో ఎవరో ఆడమనిషి ఎప్పుడో చెప్పి పెట్టిన గొంతు, బ్రీత్ ఇన్, హోల్డ్ యువర్ బ్రెత్ అంది. ఇందాక ఎంత ఆపాడు? ఊపిరికి కొలగిన్నె ఉందా, ఇంతే అని తీసి ఇంతే అని ఆపడానికి? ఊపిరి ఆపుకుని పడుకోవడమంటే నాన్న పనిచేసిన శానిటోరియమే. నాన్న జీవరాజు అక్కడ కాంపౌండరు. పొడవాటి వరండా, దాని నిండా మంచాలు, మంచాల నిండా టీబీ రోగులు. పడుకోవడమే అప్పట్లో సగం వైద్యం. ఇంకా పూర్వం కొందరికి కావాలనే ఛాతీలోకి గాలి ఎక్కించి ఒక పక్క ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేసేవారని, దానికి విశ్రాంతి ఇవ్వడానికని నాన్న చెప్పేవాడు. వరండా వైపు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాననేవాడు. అయినా వెళ్ళేవాడు తను, స్తంభం చాటున నిలబడేవాడు. చివరి మంచం మీద ఒక ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. రైలు వంతెన మీదకి రాగానే చప్పుడు విని అది ఏ బండో చెప్పేవాడు, కొవ్వూరు వైపు పోతోందో అటునుంచి వస్తోందో కూడా. "ఏం బాబూ, గోదారి ఎందాకా వచ్చింది?" అని అడిగేవాడు. తను రేవుకి వెళ్ళి చూసొచ్చి ఎన్ని మెట్లు మునిగాయో చెప్పేవాడు. మేష్టారు కళ్ళు మూసుకుని ఆ నీళ్ళన్నీ చూసేవాడు. ఒకరోజు పరుపు ఎండలో ఆరేసి ఉంది. మంచం మీద ఇనప పట్టీలు మాత్రం ఉన్నాయి. బ్రీత్, అంది యంత్రం.

వదిలాడు. వదలగానే దగ్గు. కాదు, దగ్గు కాదు, గొంతులో ఒక చీమ. కదిలితే సూది ఎక్కడ చీరుతుందో ఆయనకి తెలుసు, ఆ పొర ఎంత పల్చనిదో, ఎంత గులాబీ రంగులో ఉంటుందో వేలసార్లు చూశాడు. చీమ మీదకి ధ్యాస పోనివ్వకూడదు. భార్య ప్రసన్నకుమారి బయట కూర్చుని ఉంటుంది. ఒళ్ళో ఫ్లాస్కు, పక్కన సంచి, సంచిలో తువ్వాలు. ఇందాక రిసెప్షన్ అమ్మాయితో, "లోపల అంత చలేంటమ్మా, ఆయనకి దగ్గు కదా, ఆ ఏసీ కాస్త తగ్గించమను," అని వాదించడం వినపడింది. ముప్పై రెండేళ్ళు బడిలో పాఠం చెప్పిన గొంతు, తలుపులు దాటి వస్తుంది. దగ్గు మొదలైనప్పుడు ఆవిడే పట్టింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దుమ్ము అన్నాడు. దుమ్మయితే నాకూ రావాలి కదండీ అంది. ఎక్స్‌రే తీయించిందాకా ఊరుకోలేదు. కవరులోంచి ఎక్స్‌రే తీసి వంటింటి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. కుడిపక్క కింద, నిమ్మకాయంత. ఏంటండీ అది అంది. మచ్చ అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఆవిడ అటు తిరిగింది, ఆయన ఎక్స్‌రేని మళ్ళీ కవరులో పెట్టేశాడు. జీవితంలో సిగరెట్టు ముట్టలేదు. చుట్ట వాసన పడదు. ఫార్మలిన్ వల్లేనంటారు జనం, అనుకోనీ. చీమ పోయిందా? లేదు, ఉంది.

చెప్పుల చప్పుళ్ళు తిరిగొచ్చాయి. "సార్, టక్ మని శబ్దం వస్తుందండి, ఉలిక్కిపడకండి." టక్. స్టేప్లర్ కొట్టినట్టు, కాకపోతే కాగితాల మీద కాదు, తన లోపల. సూదిలోంచి ఇంకో సన్నని సూది దూరి, గడ్డలో ఒక పోగు కొరికి బయటికొచ్చింది. ఆ పోగుని గాజు పలక మీద తాకించి అవతలి గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ మైక్రోస్కోపు ముందు హారతి ఉంది. ఆయన ల్యాబ్‌లోనే పనిచేసే పెథాలజిస్టు, పిఠాపురం అమ్మాయి. ముక్క తీస్తుండగానే పక్కన నిలబడి అది పనికొస్తుందో లేదో చెప్పడం ఈ ఊళ్ళో ఆమె తెచ్చిన పద్ధతే. ఆయన రోజుల్లో ముక్క సీసాలో వచ్చేది, పనికి రాకపోతే రాదని రాసేవాడు, మళ్ళీ తీస్తారో లేదో అది వాళ్ళ సంగతి. ఎదురుచూశాడు. రంగు అద్దడం, కడగడం, తుడవడం, గాజు పలకని కింద పెట్టడం, అన్నీ ఆయన వేళ్ళకి తెలుసు. ఇప్పుడు ఫోకస్ తిప్పుతూ ఉంటుంది. ఇప్పుడు చూస్తూ ఉంటుంది. "అన్నీ చచ్చిన కణాలేనండి," అంది హారతి తలుపు దగ్గర్నుంచి. "గడ్డ మధ్యలో తగిలినట్టుంది. కాస్త అంచు వైపు చూడండి." తన గడ్డ మధ్యలో చచ్చిపోయి ఉంది. అది తనకంటే ముందే చావడం మొదలుపెట్టింది. నవ్వొచ్చింది. నవ్వకూడదు.

మళ్ళీ సూది కోణం మారుస్తున్నారు, కొలుస్తున్నారు, మళ్ళీ అందరూ బయటికి, మళ్ళీ ఆ పరదేశపు గొంతు. హారతి వచ్చి రెండేళ్ళు. బొంబాయిలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో నేర్చుకుని వచ్చింది. మొదటి వారంలోనే గొడవ. ఊపిరితిత్తి ముక్క ఒకటి వస్తే, ఛాతీ డాక్టరుకి ఫోన్ చేసి పేషెంటు పొగ తాగుతారాండి అని అడుగుతోంది. "మనకెందుకమ్మా అదంతా? మనం చూసేది ముక్కని," అన్నాడు. "ముక్కలో ఏం వెతకాలో మనిషిని అడిగితే తెలుస్తుంది కదా సార్," అంది. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయనకి తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు. ఆ రోజుల్లో ఊపిరితిత్తి ముక్క వస్తే చెప్పాల్సింది ఒక్కటే, చిన్న కణాల రకమా, కాదా. ఛాతీ డాక్టర్లు ఫోన్ చేసి, చిన్నదా కాదా చెప్పెయ్యండి గురువుగారూ అనేవారు. చిన్నదైతే ఒక మందు, కాకపోతే మిగతా అందరికీ కలిపి ఇంకో మందు. ఆ రెండు ముక్కలు చెప్పేస్తే ఆయన పని అయిపోయేది. సాయంత్రం ల్యాబ్ మూసి, పుష్కర రేవు మీదుగా నడిచి, మరమరాల పొట్లం కొనుక్కుని ఇంటికి. ఇప్పుడలా కాదంటుంది హారతి. కాదన్న వాళ్ళలోనే ఎన్నో రకాలున్నాయిట. కణంలో ఫలానా చోట ఒక జన్యువు చెడి ఉంటే, సరిగ్గా ఆ చెడిన చోటికే అతికే మాత్ర ఒకటి వచ్చింది. అది చెడిన వాళ్ళకి మాత్ర, చెడనివాళ్ళకి ఆ మాత్ర వృథా. చెడిందో లేదో ముక్కలోనే చూడాలి. అందుకని ఆమె ముక్కని పొదుపు చేస్తుంది. ఆయన అలవాటుగా నాలుగు రకాల రంగులు వెయ్యమంటే రెండు చాలంటుంది. "అన్నీ అద్దేసి ముక్క అయిపోయాక, టెస్టుకి పంపమంటే ఏం పంపుతామండి?" అంటుంది. పెళ్ళివారికి దాచిన పిండివంటల్లా ఏంటమ్మా ఇది అని వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే రాత్రిళ్ళు ఆమె తెచ్చిన జర్నళ్ళు చదివాడు. చదివినదంతా ఇప్పుడు వీపున సూది గుచ్చుకుని ఉండగా గుర్తొస్తోంది. ఆ జన్యువు చెడడం పొగ తాగని వాళ్ళలో ఎక్కువ. మన దేశాల వైపు ఎక్కువ. ఆడవాళ్ళలో ఎక్కువ, అదొక్కటీ తనకి కుదరదు. మొన్న చర్చి పెద్ద బుల్లియ్య గారు ఇంటికొచ్చి, అందరినీ కళ్ళు మూసుకోమని, ప్రభువా ఆ గడ్డ గడ్డ కాకుండా చెయ్యి అని ప్రార్థన చేశాడు. ప్రసన్నకుమారి ఏడ్చింది. ఏసుపాదం కళ్ళు మూసుకుని వేరే అడిగాడు. గడ్డ గడ్డేలే ప్రభువా, అది నేను చూశాను. ఆ జన్యువు మాత్రం చెడి ఉండేలా చూడు. క్యాన్సర్ ఉన్న ఊపిరితిత్తిలో ఇంకో చెడు కూడా ఉండాలని వేడుకున్న విశ్వాసి ఆ చర్చి కట్టాక ఇంకొకడు ఉండడు.

టక్.

ఈసారి ఉలిక్కిపడ్డాడు. లోపల ఎక్కడో వేడిగా ఒక గీత. చీమ లేచింది. దవడలు బిగించి, కళ్ళు మూసి, ముక్కుతో చిన్న చిన్నగా, అలా కాదు, ఇలా, మేష్టారు ఎలా పీల్చేవాడు, పైపైన, దొంగతనంగా. చీమ పడుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారి దిండు తడిసింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. అవతలి గదిలో గాజు పలకల చప్పుడు. చాలాసేపు. తర్వాత హారతి గొంతు. "ఈసారి బతికున్న కణాలున్నాయండి." అంతే అంది. ఏ కణాలో అనలేదు. అలా అనకుండా ఆగడం ఎవరు నేర్పారో ఆయనకి బాగా తెలుసు. తనే నేర్పాడు. పేషెంటు వినేచోట మనం ఏమీ అనకూడదమ్మా, మన పని డాక్టరుకి చెప్పడం. ఇప్పుడు ఆ పేషెంటుకి వినాలని ఉంది. ఆ గాజు పలకని ఒక్క నిమిషం కళ్ళముందు పెడితే చాలు, తనే చదువుకుంటాడు, ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఊరందరి లోపలా చూసినవాడు తన లోపల చూసుకోడానికి ఇంకొకరి కళ్ళ కోసం బోర్లా పడుకుని ఉన్నాడు. బల్ల మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. గణేష్‌బాబు వచ్చి, వీపు పక్కన నిలబడి, గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆ గొంతు ఏసుపాదం చెవికి జానెడు దూరంలోనే ఉంది.

"ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతోందండి మేడం. కొంచెమే. కానీ చేరుతోంది. ఇక తీసేస్తాను. డయాగ్నోసిస్‌కి సరిపోతుంది కదా?"

"డయాగ్నోసిస్‌కి సరిపోతుందండి. జీన్ టెస్టుకి సరిపోదు. చాలా సన్నగా వచ్చింది. ఇంకో ముక్క కావాలి."

"ఇంకోటి తీసి ఊపిరితిత్తి ముడుచుకుపోతే, గాలి లాగడానికి ఛాతీలోకి గొట్టం వెయ్యాలి. మన సారు వయసుకి..."

"ఇప్పుడు తియ్యకపోతే మళ్ళీ ఇంకో రోజు ఇదంతా చెయ్యాలండి. అప్పటికి ఆయన ఒప్పుకోకపోవచ్చు."

తన వీపు మీదుగా, బల్ల మీద పరిచిన గుడ్డ మీదుగా మాట్లాడుకున్నట్టు, ఇద్దరూ వాదించుకుంటున్నారు. ఎవరి వైపు ఉండాలో తెలియడం లేదు. తనలో ముప్పై ఏళ్ళుగా ఉన్న పెథాలజిస్టుని అడిగితే చాలు అంటాడు. ఎప్పుడూ అదే అన్నాడు, రెండు కణాలు దొరికితే చాలు మీకు గురువుగారూ అని అందరూ ఆయన్ని మెచ్చుకున్నది అందుకే. ఈ ఒంటిని అడిగితే అదీ చాలనే అంటోంది, సూది లాగెయ్యండి, లేపి కూర్చోబెట్టండి, ప్రసన్నని పిలవండి, ఇంటికి తీసుకెళ్ళండి. గాలి చేరుతోంది. పూర్వం టీబీ రోగులకి కావాలని ఎక్కించేవారని నాన్న చెప్పిన గాలి. ఊపిరి పైపైనే అందుతోంది, నిజంగానా, భయం వల్లా? "సార్," అన్నాడు గణేష్‌బాబు, "మాట్లాడకండి. కుడి చూపుడువేలు ఎత్తితే తీద్దామని. ఎత్తకపోతే ఆపేద్దాం." ఇదేం న్యాయం? పేషెంటుని అడుగుతారా ఇలాంటివి? ఎవరు అడగమన్నారు? కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు, మణికట్టు పట్టుకుని, బతుకుతానా బాబూ అన్నాడు. వేళ్ళు ఇనప కొక్కేల్లా ఉన్నాయి. విడిపించుకుని, సిస్టర్‌ని పిలుస్తానని చెప్పి వరండాలోకి వచ్చేశాడు, అక్కణ్ణుంచి పెథాలజీలోకి వచ్చేశాడు. అక్కడ ఎవరూ మణికట్టు పట్టుకోరు. సీసాలకి చేతులుండవు. చల్లని గది, ఒక కుర్చీ, ఒక కంటి గొట్టం, దాని కింద రంగుల లోకం, బయట ఎవరు ఏడ్చినా వినపడదు. ఆ గదిలోనే జుట్టు నెరిసింది. ఇప్పుడు ఈ గదిలో పడ్డాడు, దీనికి వరండా లేదు.

తల పక్కన చెప్పులు వచ్చి ఆగాయి. గాజుల చప్పుడైంది. హారతి కిందకి వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, మొహం ఆయన మొహానికి సమానంగా తెచ్చింది. మైక్రోస్కోపుకి ఆనించి ఆనించి కంటి చుట్టూ ఎర్రగా గుండ్రటి గుర్తు పడింది. "సార్, ఇంకొకటి తీస్తే మంచిదనే నాకు అనిపిస్తోంది. మాత్ర పనిచేస్తుందో లేదో దాంతోనే తెలుస్తుంది. గాలి పెరిగితే గొట్టం వెయ్యాల్సి రావచ్చు, అది నొప్పే. మీకు భయంగా ఉంటే ఆపేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు." భయంగా ఉంటే. ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు, ప్రసన్న కూడా. భయంగా ఉందమ్మా. చెప్పడానికి లేదు. ఆమె ఎదురుచూస్తోంది. తొందర పెట్టడం లేదు, లేచిపోవడం లేదు. పెథాలజిస్టు కుర్చీ వదిలి వచ్చి నేల మీద కూర్చుంది. ఆయన చూపుడువేలు ఎక్కడో చాలా దూరంలో, తల అవతల, మొద్దుబారి ఉంది. దాన్ని వెతుక్కున్నాడు. ఎత్తాడు.

"తియ్యమంటారా?" అంది. మళ్ళీ ఎత్తాడు.

మూడోది నొప్పి పెట్టింది. టక్ మన్న తర్వాత సూది మొత్తం బయటికొస్తుంటే ఇక ఆగలేక దగ్గాడు, దగ్గుతూనే ఉన్నాడు, ఎవరో వీపుని అదిమి పట్టుకున్నారు, ఎవరో వెల్లకిలా తిప్పారు, పైకప్పు కనపడింది, తెల్లటి పలకలు, ఒక పలక మూల నీటి మరక. మొహానికి ఆక్సిజన్ మాస్కు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది, మెట్టు ఎక్కలేని ముసలమ్మలా. ఇంకోసారి స్కాను. గణేష్‌బాబు మొహం పైనుంచి వంగింది. "గాలి అంతే ఉందండి సార్, పెరగలేదు. గొట్టం అక్కర్లేకపోవచ్చు. కానీ సాయంత్రం దాకా ఇలాగే ఉండాలి. కదలకండి." అలాగే అన్నట్టు రెప్పలు వాల్చాడు. ఎక్కడికి పోతాడు?

హారతి చిన్న సీసా పట్టుకుని వచ్చింది. వెలుతురుకి ఎత్తి చూపించింది. ఫార్మలిన్‌లో తెల్లగా, సేమ్యా పోగంత, ఒక కొస కొంచెం వంకర తిరిగి. తనది. ముప్పై ఏళ్ళలో ఇలాంటివి ఎన్ని చూశాడో, ఇంత చిన్నవని ఎప్పుడూ అనిపించలేదు. "ఇది మంచి ముక్కండి సార్. సరిపోతుంది," అంది. సీసా దించింది. "చూసింది ఇప్పుడే చెప్పమంటారా? రిపోర్టు వచ్చాక చెప్పమంటారా?"

చూపించమ్మా ఆ స్లయిడు, అందామనుకున్నాడు. చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, ఇంగ్లీషులో, ఒంటరిగా. మాస్కు లోపల పెదాలు కదిపాడు. హారతి చెవి దగ్గరికి తెచ్చింది. "ప్రసన్నకి చెప్పు," అన్నాడు. "నేను వింటాను."

ప్రసన్నకుమారి సంచి, ఫ్లాస్కు పట్టుకునే లోపలికొచ్చింది. ఆయన్నీ మాస్కునీ చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. హారతి స్టూలు లాగి వేసింది.

"కూర్చోండి మేడం గారూ."

"కూర్చున్నానమ్మా, చెప్పు."

"క్యాన్సరేనండి. ఇంకా ఒకటి రెండు చూడాలి గానీ, క్యాన్సర్ అన్నదాంట్లో నాకు అనుమానం లేదండి."

పైకప్పు కదల్లేదు. ఆయన రాసిన వేల రిపోర్టుల్లో ఆ మాట ఇంగ్లీషులోనే ఉంది, లాటిన్ తోకతో, చివర ఆయన సంతకంతో. దానికి అండి తగిలించి, ఒక మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పొచ్చని ఆయనకి తెలియదు. ప్రసన్నకుమారి ఏడవలేదు. ఫ్లాస్కు మూత బిగించి ఉందో లేదో చూసుకుంది. "ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"మూడో ముక్కని బొంబాయి పంపిస్తానండి. గడ్డ మాత్రకి లొంగే రకమైతే రోజూ మాత్ర వేసుకోవడమే. అది పూర్తిగా నయం చెయ్యదండి, అణిచి ఉంచుతుంది. ఎన్నాళ్ళన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది."

"లొంగే రకం కాకపోతే?"

"కాకపోతే సెలైన్‌లో ఎక్కించే పాత మందులేనండి. రిజల్ట్ రాగానే ఏదైనా సరే నేనే ఇంటికొచ్చి చెప్తాను. ఫోన్‌లో చెప్పను."

"ఆదివారమైతే పొద్దున రాకమ్మా, చర్చిలో ఉంటాం," అంది ప్రసన్నకుమారి. హారతి తలూపి, సీసా పట్టుకుని వెళ్ళింది. తలుపు మూతపడింది. ఇద్దరే మిగిలారు. ఏసుపాదం ఆవిడ వైపు కళ్ళు మాత్రం తిప్పాడు. మచ్చ కాదు ప్రసన్నా, ఆ రోజే తెలుసు నాకు. ఊపిరి ఆ మాట దాకా రాలేదు. ఆవిడ స్టూలు దగ్గరికి జరుపుకుని ఆయన ఎడమ చెంప వైపు చూస్తోంది. గంటసేపు దిండుకి అదిమి పెట్టడంతో అక్కడ నిలువునా ఒక గాడి పడింది.

"ఇదేంటండీ, ఇంత లోతుగా పడింది," అంది. ఫ్లాస్కులో వేడినీళ్ళతో పైటకొంగు తడిపి, మాస్కు తాడు కిందనుంచి చెయ్యి పోనిచ్చి, బొటనవేలితో ఆ గాడిని రుద్దడం మొదలుపెట్టింది. దానంతటదే పోతుందిలే అన్నట్టు ఆయన చూశాడు. ఆవిడ వినిపించుకోలేదు. రుద్దుతూనే ఉంది.